మంచుకి చేరేసిన సైకిలు

"పాపారావూ, ఓ పాపారావూ, ఆ సైకిలు అలగ పెట్టి ఇలగ రా బేగి."

పలాస స్టేషను ఎదురుగా టీకొట్టు దానయ్య వేసిన కేక అది. రైలుగేటు దాటి వస్తున్న మా బావ అక్కడే ఆగాడు. ప్రతి ఆదివారంలాగే ఆరోజు కూడా చీకటుండగా సైకిలు తీసుకుని కొండలవైపు వెళ్ళి, మధ్యాహ్నం మూడు దాటాక తిరిగొస్తున్నాడు. పంచె మోకాళ్ళదాకా ఎర్రమట్టి. చొక్కా నిండా పల్లేరుకాయలు. హాండిలుకి ఎప్పటిలాగే పేరు తెలియని అడవిపువ్వు ఒకటి కట్టి ఉంది. అది మా అక్కకి.

నేను ఆ కొట్టు బల్లమీద ఒంటిగంట నుంచీ ఆయన కోసమే కూర్చున్నాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు శ్రావణమాసం సంగతి ఇది. నాకు పంతొమ్మిదేళ్ళు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, అక్కాబావల ఇంట్లో ఉంటూ, బావ గుమస్తాగా ఉన్న జీడిపిక్కల బట్టీలో నాకూ ఏదో ఒక పని చూస్తారని ఎదురుచూస్తున్న రోజులు. పని దొరకలేదని నాకేం బెంగ ఉండేది కాదు. ఆదివారం సాయంత్రం బావ చెప్పే కొండదారుల కబుర్లు చెవిన పడితే చాలు, వారమంతా వాటిమీద బతికేవాణ్ణి. మహేంద్రగిరి పక్కన చెట్టన్నది లేని గడ్డిమెట్టలు, వాటిమీద పరుగెత్తే మబ్బుల నీడలు, ఆ నీడలతో పందెం వేసే ఒక్కగానొక్క సైకిలు. నేను ఎన్నడూ చూడలేదు. రాత్రి కళ్ళు మూసుకుంటే మాత్రం అవే.

ఆరోజు కొట్టులో నవ్వే మొహం ఒక్కటీ లేదు.

బల్ల పక్కన తాటిలోగాం నుంచి వచ్చిన సూర్యారావు నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోడు. ఆ రాత్రి ఎనిమిది గంటల నలభై నిమిషాలకి అతని చెల్లెలు జానకి పెళ్ళి. వాళ్ళ ఊరి పురోహితుడు చలిజ్వరంతో మంచం పట్టాడని, సూర్యారావు తెల్లవారకముందే బయల్దేరి పలాస వచ్చి ఇక్కడి పురోహితులు అనంతపద్మనాభం పంతులుగారిని పట్టుకున్నాడు. వచ్చేటప్పుడు మోకాలి లోతులో దాటిన గెడ్డ, కొండలమీద వాన పడి, పది గంటలకల్లా మనిషి మునిగేంత పొంగింది. మందస బస్సులు ఆగిపోయాయి. పెళ్ళికొడుకు ఖర్గపూర్ రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. అతని సెలవు రేపటితో సరి. ఎల్లుండి నుంచి మూఢం. ఈ ముహూర్తం దాటితే మళ్ళీ కార్తీకం దాకా లేదు, అంతదాకా ఆగేది లేదని మగపెళ్ళివారు ముందే చెప్పేశారు.

మిగిలింది ఒక్క రైలు, నాలుగింటి బరంపురం పాసింజరు. అది వంతెన మీంచి గెడ్డ దాటి సుమ్మాదేవిలో దించుతుంది. అక్కణ్ణించి ఏడు మైళ్ళు పొలం గట్లమీద నడక. బండి కడితే ఇరుసుదాకా దిగబడిపోతుంది. సూర్యారావు నడవగలడు. పంతులుగారు నడవలేరు. ఆయనకి డెబ్భై ఏళ్ళు, కుడిమోకాలు వాచిపోయి ఉంది. "నా బుజాలమీద ఎక్కించుకుంటానండీ" అని సూర్యారావు అప్పటికి మూడుసార్లు అన్నాడు. "పెళ్ళికి పిలిచి శవాన్ని మోసినట్టు మోసుకెళ్తావుటోయ్" అని ఆయన మూడుసార్లూ కసిరారు.

పొయ్యి పక్కన డొంకూరు రత్నాలమ్మ చేపలన్నీ అమ్మేసి, ఖాళీ గంప బోర్లించుకుని దానిమీద కూర్చుంది. ఆవిడదీ అదే రైలు.

మా బావ పేరు తట్టింది దానయ్యకి.

"మరేట్లేదు," అన్నాడు దానయ్య, బావ చేతికి గ్లాసు అందిస్తూ. "కొండ మీంచి సైకిలుమీద తాటిలోగాం ఎన్నిసార్లు దిగుంటావు నువ్వు?"

"ఓస్, అదా," అన్నాడు బావ అలవాటుగా. సైకిలుకి స్టాండు వేసి, పంచె దులుపుకుని, మీసం తుడుచుకున్నాడు. "లెక్కెట్టలేదు. మా పెరట్లోకి ఎల్లినట్టు ఎల్తాను. కొండకి ఈ పక్క టీ తాగితే, ఆ పక్క దిగేసరికి నాలికమీద ఇంకా ఆ తీపే ఉంటాది."

"గెడ్డ అడ్డం రాదా?" అన్నాడు సూర్యారావు.

"కింద మీకు అది గెడ్డ. పైన అదేటి, పిల్లకాలవ. కొండమీంచి ఎల్లీవోడికి గెడ్డతో పనేటి?"

"అయితే బాబూ, పంతులుగార్ని ఎనక ఎక్కించుకుని ఇప్పుడే బయల్దేరు." సూర్యారావు ఒక అడుగు ముందుకి వేశాడు. "మా సెల్లి పొద్దున్నుంచీ ఉపాసం. పసుపుబట్టతో కూకుని ఉంది."

బావ నోటి దగ్గర గ్లాసు ఆగిపోయింది. అప్పటిదాకా ఆయనకి సంగతి ఎవరూ చెప్పలేదు. దానయ్య చెప్పాడు. గెడ్డ, మోకాలు, మూఢం, ఖర్గపూరు, అన్నీ. బావ వింటూ ఒక్కొక్క గుక్కే తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ఇంకో గుక్క తాగాడు.

"రైలుంది కదా," అన్నాడు చివరికి.

"రైలు సుమ్మాదేవి దాకానే కదా నాయనా," అన్నారు పంతులుగారు. "ఆపైన ఏడు మైళ్ళు ఈ కాలు ఈడ్చుకుంటూ నేను చేరేసరికి తెల్లారుతుంది. నువ్వు చెప్పు. కొండ మీంచి ఎంతసేపు?"

అందరూ బావ మొహంకేసి చూశారు. నేనూ చూశాను. నాకైతే గర్వంతో ఒళ్ళు పులకరించింది. ఒక పిల్ల పెళ్ళి నిలబెట్టగలిగిన మనిషి ఈ పలాసలో మా బావ ఒక్కడే.

"ఎంతసేపని సెప్పాలంటే ముందు దారి సెప్పాలి," అన్నాడు బావ, గ్లాసు కింద పెట్టి. "అది మామూలు దారి కాదండి. వింటే మీరే వద్దంటారు. కాశీబుగ్గ దాటి డొంకలో పడితే రెండు మైళ్ళు జీడితోటలు. అక్కడిదాకా ఎవడైనా తొక్కుతాడు. ఆ తర్వాత మెట్ట మొదలు. ఎక్కుడంటే ఎక్కుడు కాదు, గోడ. మొట్టమొదట ఎల్లిన రోజున ఏటైందో తెలుసా? ముందుచక్రం లెగిసి నా నెత్తికంటే పైకి ఎల్లిపోయింది. మరి దిగినానా? దిగితే ఎనక్కి దొర్లుకుంటా మళ్ళీ కాశీబుగ్గే కదా. అందుకని సేతులు రెండూ బ్రేకులమీద, కాళ్ళు రెండూ పెడలుమీద, గెడ్డం తీసుకెళ్ళి హాండిలుమీద ఆనించి నొక్కి పట్టినాను. అలగ ఎక్కుతన్నానా, ఎదురుగా మేకలు తోలుకుంటా ఒకావిడ. బెల్లు కొట్టాలి. సెయ్యి ఖాళీ లేదు. గెడ్డంతోనే కొట్టినాను బెల్లు. మేకలన్నీ తప్పుకున్నాయి, ఆవిడే తప్పుకోలేదు, నన్ను సూసి అలగ నిలబడిపోయింది."

మామూలు రోజైతే ఇక్కడ కొట్టంతా గొల్లుమనేది. ఎవరూ నవ్వలేదు. పంతులుగారు తలపండినవారు కదా, కళ్ళు మూసుకుని విన్నారు.

"ఎక్కుడు గట్టిదన్నమాట," అన్నారు. "అక్కడ నేను దిగి నాలుగడుగులు నడుస్తాను. తర్వాత?"

"అది కాదండి, గెడ్డంతో..."

"నలభై ఏళ్ళుగా జాతకాలు చూస్తున్నాను నాయనా. మనిషి చెప్పినదాంట్లో మూడొంతులు తీసేసి ఒక వంతు ఉంచుకోవడం నాకు అలవాటే. నువ్వు కానియ్యి."

"పైన మబ్బు దిగుంటాది కదా ఈ రోజుల్లో," అన్నాడు సూర్యారావు. "తోవ కానొస్తాదా మరి?"

"తోవా? ఏటీ కానరాదు." బావ గొంతు పెరిగింది. "పైన సెట్టు లేదు, పుట్ట లేదు. మోకాలెత్తు గడ్డి, దానిమీద గాలి. ఆ గాలి ఎలాంటిదనుకున్నారు? ఎనకనుంచి తోస్తే పెడలు తొక్కక్కర్లేదు. ఒక ఆదివారం నేను కాళ్ళు రెండూ హాండిలుమీద సాపుకుని, ఒళ్ళో సల్దన్నం మూట ఇప్పుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటా నాలుగు మైళ్ళు ఎల్లినాను. అది దాని దారిన అది ఎల్తంది, నేను నా దారిన తింటన్నాను. అంతలో మబ్బు దిగింది. మీ ఊరి మబ్బు కాదు సూర్యారావుగారూ, కొండ మబ్బు, పాలు తోడుకున్నట్టు తోడుకుపోతాది. నా సెయ్యి నాకు కానరాలేదు. సరే, కాసేపు ఆగుదామనీసి దిగినాను. సైకిలు దేనికి సేరేద్దును, సెట్టు లేదు కదా. మంచుకే సేరేసినాను. నిలబడింది. నేను పక్కన తుండుగుడ్డ పరుచుకుని ఓ కునుకు తీసినాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఎండ వచ్చింది. మంచు కరిగిపోయింది. సేరబడ్డానికి ఏటీ లేక సైకిలు దభీమని వచ్చి నా డొక్కలమీద పడింది. మచ్చ సూపిస్తాను కావాలంటే."

"మంచుకి సేరేసినావా," అంది రత్నాలమ్మ, చుట్ట నోట్లోంచి తీసి. "నానూ నలభై ఏళ్ళబట్టి సముద్రం ఒడ్డున కోతలు ఇంటన్నాను గాని బాబూ, ఇలాంటిది ఇన్నేదు."

అప్పుడు బావ ఆవిడకేసి తిరిగిన తిరుగుడు నాకు బాగా గుర్తు. కోపం కాదు. దాహంతో ఉన్నవాడికి ఎవరో చెంబు చూపించినట్టు తిరిగాడు.

"అదే కదా రత్నాలమ్మా. నువ్వే సెప్పు. నమ్మేలాగ ఉందా ఇది?"

నాకు అర్థం కాలేదు. ఆయన మా బావ అయిన ఈ మూడేళ్ళలో ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. నమ్మనివాడితో పోట్లాడే మనిషి, నమ్మొద్దని బతిమాలుతున్నట్టు ఉంది.

"నమ్మడం నమ్మకపోవడం తర్వాత," అన్నాడు సూర్యారావు. అతనికి వినోదం లేదు, విసుగూ లేదు, చెల్లెలి మొహం తప్ప ఏమీ కనబడటంలేదు. "మబ్బు దిగితే కాసేపు ఆగాలి. అంతే కదా. ఎల్లొచ్చు."

"వెళ్ళొచ్చు," అన్నారు పంతులుగారు. "నా బరువు లాగగలదా మరి నీ సైకిలు?"

స్టేషన్లో మొదటి గంట కొట్టారు. అవతలి స్టేషను నుంచి రైలు బయల్దేరింది.

"మీ బరువెంత పంతులుగారూ, మీ జంధ్యమంత లేరు." బావ నుదుటిమీద చెమట పట్టింది. "నేను ఎలుగుని లాగినాను. ఉద్దానం ఎలుగుని. మొన్న వైశాఖంలో, జీడిమామిడి పళ్ళు రాలి కుళ్ళి తోటంతా కల్లు వాసన కొడతంది. అవి తిని తిని కైపెక్కి ఒక ఎలుగు డొంకకి అడ్డంగా కూకుంది. బెల్లు కొట్టినాను, లెగలేదు. మళ్ళీ కొట్టినాను. లెగిసింది. నా ఎనక్కి వచ్చింది. ఈ జన్మకి ఇంతే పాపారావూ అనుకుని మీ అమ్మాయిని తలుసుకున్నానురా బామ్మర్దీ." అంటే మా అక్కని అన్నమాట. "ఆ తర్వాత ఏటైందో తెలుసా? కేరియరుమీద కూకుంది. కాళ్ళు సెరో పక్క ఏసి, సేతులు రెండూ నా బుజాలమీద పెట్టి, పద అన్నట్టు ఒక్క ఊపు ఊపింది. తొక్కక సేసేదేటుంది? రెండు మైళ్ళు తొక్కినాను. ఒక్క మాట సెప్పాలి గాని, మలుపు దగ్గర ఎటు ఒరగాలో మనుషులకంటే దానికే బాగా తెలుసు. తేనెపట్టున్న బండ రాగానే బుజంమీద రెండుసార్లు తట్టింది. ఆపినాను. దిగి ఎల్లిపోయింది."

"టిక్కట్టు అడగనేదా బాబూ?" అంది రత్నాలమ్మ.

"అడుగు, ఇంకా అడుగు," అన్నాడు బావ ఆత్రంగా. "అంతా కోతలే అను."

"ఎలుగు సంగతి అలా ఉంచుదాం," అన్నారు పంతులుగారు. "కేరియరు గట్టిదే. అది తేలింది. మీ ఆవిణ్ణి ఎప్పుడైనా ఎక్కించుకుని తొక్కావా నాయనా, ఎంత దూరం తొక్కావు?"

బావ హాండిలుకి కట్టిన పువ్వుని సర్దాడు.

ఆ ప్రశ్న నన్నూ పట్టుకుంది.

అక్క ఆ సైకిలు ఎక్కడం నేను చూడలేదు. రోజూ సాయంత్రం తుడిచేది, సీటుకి గుడ్డ కప్పేది, ఎక్కేది మాత్రం కాదు. నేను అడిగితే ముట్టుకోనిచ్చేవాడు కాదు బావ. అది వాళ్ళ పెళ్ళిలో అలక సైకిలు. అలకపాన్పు మీద పెళ్ళికొడుకు మొహం తిప్పుకుని కూర్చుని, సైకిలు ఇస్తే గాని లేవనన్నాడు. మా నాన్న విశాఖపట్నం మనిషిని పంపించి తెప్పించాడు. హాండిలుకి పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చారు. ఊరంతా చూస్తుండగా బావ దాన్ని పట్టుకుని వీధిలో నడిపించుకుంటూ వెళ్ళాడు. నడిపించుకుంటూ. ఆ తర్వాత బట్టీకి వెళ్ళినా, బజారుకి వెళ్ళినా, ఆదివారం చీకట్లో గుమ్మం దిగినా, గేటు దాటి వచ్చినా, ఎడంపక్కన బావ, కుడిపక్కన సైకిలు, ఇద్దరూ చెట్టపట్టాలు వేసుకున్నట్టు నడిచి వచ్చేవారు. నేను మూడేళ్ళు చూశాను. సీటుమీద బావ కూర్చుని ఉండగా ఒక్కసారీ చూడలేదు. నా కలల్లో తప్ప.

తలెత్తి చూస్తే బావ నాకేసే చూస్తున్నాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. కళ్ళతోనే వద్దన్నాడు.

అప్పుడు నాకు ఆయన పన్నాగం కూడా అర్థమైంది. మాట మాటకీ పెంచుతున్నది గొప్ప కోసం కాదు. ఎవరో ఒకరు ఇదంతా అబద్ధమని ఉమ్మేసి, పంతులుగారి చెయ్యి పట్టుకుని రైలెక్కించాలి. అలా అయితే ఎవరి ముందూ తల వంచనక్కర్లేదు. కోతలరాయుడన్న పేరు ఎలాగూ ఉంది. అక్క వరకూ ఏ మాటా వెళ్ళదు. కానీ పెళ్ళికూతురి అన్న ఎంత చెప్పినా నమ్మేస్తున్నాడు, పంతులుగారు ఎంత చెప్పినా ఒక వంతు ఉంచుకుంటున్నారు.

రైలు వచ్చింది. కొట్టు ముందు నేల అదిరింది. పలాసలో ఇంజను నీళ్ళు పట్టుకుంటుంది కాబట్టి పావుగంట ఆగుతుంది. రత్నాలమ్మ గంప ఎత్తుకుని నిలబడింది గాని కదల్లేదు.

"పంతులుగారూ, రైలు," అన్నాను నేను.

"ఉండవోయ్. గెడ్డ ఎగువన ఎంత వెడల్పు ఉంటుంది పాపారావూ? అదొక్కటి తేల్చు."

"ముప్ఫై మూరలు," అన్నాడు బావ. మామూలుగా కథ చెప్పేటప్పుడు చేతులు తిప్పుతాడు. ఇప్పుడు రెండు చేతులతోనూ హాండిలు పట్టుకుని, పిడికిళ్ళు తెల్లబడేటట్టు బిగించి చెప్తున్నాడు. "లోతు సూస్తే నీళ్ళు కానరావు, సప్పుడే. దాటే తోవ ఒక్కటే, ఎగరడం. అరమైలు ఎనక్కి ఎల్లి, తొక్కుకుంటా వచ్చి, అంచుమీంచి ఎగిరినాను. సగం దూరం ఎల్లేసరికి ఏటైందో తెలుసా? సైను ఊడిపోయింది. కింద మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మరేం సేస్తాం. దిగినాను."

"ఎక్కడ దిగినావు?" అన్నాడు దానయ్య.

"గాల్లోనే. దిగి, సైను ఏసి, నూనె సెయ్యి పంచెకి తుడుసుకుని, మళ్ళీ ఎక్కి అవతలి గట్టు పట్టినాను. ఇప్పుడు పంతులుగారున్నారు. సగం దూరంలో దిగమంటే ఆయన దిగలేరు, మోకాలు బాలేదు. అందుకే సెప్తన్నాను సూర్యారావుగారూ, రైలే నయం. దండం పెడతాను, రైలెక్కించండి."

దానయ్య నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. పంతులుగారు మాత్రం తల ఊపారు.

"పైన కొండల్లో ఉండే సవరలు చెట్టుమాను పడేసి వంతెన వేసుకుని ఉంటారు. అది ఉందని చెప్పడానికి వీడికి నామోషీ. అంతే. మొత్తం ఎంతసేపు? సూటిగా చెప్పు."

"ఎంతసేపా? దిగుడు సంగతి వినండి మరి." బావ ఊపిరి పీల్చుకున్నాడు. మునిగిపోయేవాడు పీల్చినట్టు. "తాటిలోగాం కొండ అంచున బెల్లు కొట్టి వదిలినాను. కింద మీ ఊళ్ళో దిగి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, సెంబుడు నీళ్ళు తాగి, ఇద్దరు ముగ్గురి యోగక్షేమాలు కనుక్కున్నాక, అప్పుడొచ్చింది పైనుంచి నా బెల్లు సప్పుడు. నా నీడయితే సాయంత్రానికి గాని రాలేదు."

"మా నూతి దగ్గర ఎవుర్నడిగినావు?" అన్నాడు సూర్యారావు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"మొత్తం నాయనా, మొత్తం," అన్నారు పంతులుగారు.

బావ కొట్టంతా ఒకసారి చూశాడు. ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని చూశాడు. రత్నాలమ్మకి నవ్వు పోయింది. ఆవిడ బావ పిడికిళ్ళకేసి చూస్తోంది.

"నలభై నిమిషాలు," అన్నాడు బావ నెమ్మదిగా.

"మూడింతలు వేద్దాం. రెండు గంటలు. ఆరు దాటేసరికి పందిట్లో ఉంటాం." పంతులుగారు చేతికర్ర ఊతంగా లేచారు. "రైలెక్కి ఆ బురదలో పడితే ఈ కాలుతో ముహూర్తం అందదు. నలభై ఏళ్ళలో నా వల్ల ముహూర్తం తప్పిన పెళ్ళి లేదు సూర్యారావూ. రైలు పోనీ. నువ్వు రైల్లో వెళ్ళి నడిచిరా. నీకంటే ముందు నేనుంటాను."

సూర్యారావు రెండు చేతులూ జోడించి మా బావ కాళ్ళమీదికి వంగబోయాడు. బావ అడుగు వెనక్కి వేశాడు, హాండిలు మాత్రం వదల్లేదు.

నేను లేచాను. చెప్పేయాలి. బావకి రాదు, కొండదారి లేదు, రైలెక్కండి అని మూడు ముక్కలు. నోరు తెరిస్తే అక్క మొహం అడ్డం వచ్చింది. రేపు నూతి దగ్గర ఆడవాళ్ళు ఆమెని చూసి ఏమంటారో అది కూడా వినపడింది. ఆ వెనకే తాటిలోగాంలో పసుపుబట్టతో కూర్చున్న, నేను చూడని ఒక పిల్ల. మళ్ళీ బల్లమీద కూర్చున్నాను.

రత్నాలమ్మ ఒక్కతే ముందుకి వచ్చింది. గంప చంకన పెట్టుకుని బావ దగ్గర నిలబడి, ఇందాకటి ఎగతాళి లేకుండా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అడిగింది.

"బాబూ, ఆ పిల్లకి నాలాగే తల్లి ఉంటాది. ఈ గేటుకాడ నిన్ను సానాసార్లు సూసినాను. ఒక్కటే అడుగుతాను, కొండా వద్దు, ఎలుగూ వద్దు. పంతుల్ని ఎక్కించుకుని ఆ గేటు దాకా తొక్కి సూపించు. సూసి నాను రైలెక్కుతాను."

"భేషుగ్గా ఉంది," అన్నారు పంతులుగారు. సంచీ సూర్యారావు చేతికిచ్చి, గొడుగు చంకలో ఇరికించుకుని, స్టాండు వేసి ఉన్న సైకిలు కేరియరుమీద కాళ్ళు ఒక పక్కకి వేసి కూర్చున్నారు. కర్ర అడ్డంగా ఒళ్ళో పెట్టుకున్నారు. "పద నాయనా. ఎక్కు."

ఇంజను నీళ్ళు పట్టుకోవడం అయిపోయింది. గొట్టం అవతలికి తిప్పేశారు. గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని ప్లాటుఫారంమీద నడుస్తున్నాడు.

బావ సీటుకేసి చూశాడు. గేటుకేసి చూశాడు. నాకేసి చూడలేదు. పెదవులు ఒకసారి కదిలాయి. ఆ తర్వాత ఏటైందో తెలుసా అంటాడనే అనుకున్నాను. అనలేదు. కాలితో స్టాండు తీసేశాడు. సైకిలు పంతులుగారి బరువుకి ఒక పక్కకి ఒరగబోతే నడుం ఆనించి నిలబెట్టాడు. ఒక చెయ్యి హాండిలుమీద, ఒక చెయ్యి సీటుమీద వేసి, గేటువైపు కాదు, ప్లాటుఫారంవైపు తిప్పాడు.

"ఎటు ఎల్తన్నావు?" అన్నాడు సూర్యారావు.

"దిగకండి పంతులుగారూ," అన్నాడు బావ. "ఇలగే కూకోండి. గార్డుని బతిమాలి ఆయన బ్రేకుపెట్టెలో సైకిలు ఎక్కించేద్దాం. సుమ్మాదేవిలో మళ్ళీ మీరు ఎక్కి కూకోండి. గట్టుమీద బండి పట్టదు గాని సైకిలుకి సోటుంటాది. ఏడు మైళ్ళూ నేను తోసుకొస్తాను. ఏడున్నరకి మిమ్మల్ని పీటల దగ్గర దింపుతాను. దింపకపోతే నా మొహంమీద ఉమ్మండి."

"తోయడమేటి?" సూర్యారావు దారికి అడ్డం వచ్చాడు. "కొండమీంచి నలభై నిమిషాలు కదా. నువ్వే కదా సెప్పినావు. తొక్కుకుంటా ఎల్లక, ఏడు మైళ్ళు బురదలో తోయడమేటి బాబూ?"

గార్డు ఈల వేశాడు.

బావ ఆగాడు. కొట్టులో దానయ్య, గంప చంకలో రత్నాలమ్మ, కేరియరుమీద పంతులుగారు, బల్ల దగ్గర నేను. అందరికీ వినపడేటట్టు, ఎన్నడూ లేనంత మామూలు గొంతుతో చెప్పాడు.

"మూడేళ్ళబట్టి కొండలదాకా దీన్ని తోసుకుంటా ఎల్తన్నాను, తోసుకుంటా వస్తన్నాను సూర్యారావుగారూ. తోయడంలో నన్ను మించినవోడు ఈ తాలూకాలో లేడు. తొక్కడం నాకు రాదు."